పట్టీ, గోలా, కార్నిసు: ఇరం మంజిల్ అంచులు చెప్పే చరిత్ర

హైదరాబాదు నగర మధ్యభాగంలోని అమీర్‌పేట, పంజాగుట్ట అనే రెండు పేర్లను విడదీసి చూస్తే ఈ గడ్డ చరిత్ర సగం తెలిసిపోతుంది. అమీర్ అరబీ పదం, పేట తెలుగు పదం. పంజా ఫార్సీ, గుట్ట తెలుగు. 'అమీరె కబీర్' బిరుదు వహించిన పాయిగా ఉమరాల జాగీరు కావడం వల్ల మొదటిదానికి ఆ పేరు వచ్చినది. ఈ రెండు పేటల చెంతనే ఉన్న ఎర్రమట్టి మిట్టను చుట్టుపట్ల జనం 'ఎర్రగడ్డ' అనేవారు. దానిపై మేడ కట్టిన నవాబు ఆ మేడకు 'ఇరం మంజిల్' అని పేరు పెట్టాడు. చెవికి దగ్గరగా వినిపించే ఈ రెండు మాటలు క్రమంగా కలిసిపోయి నేడు జనం నోట 'ఎర్రమంజిల్' అయినవి.

భాషలో జరిగిన ఈ అతుకు చేతిపనిలోనూ జరిగినది. ఈ ప్రాంతపు వడ్రంగి పనిముట్ల పేర్లు వింటే ఆ సంగతి బోధపడుతుంది. ఉలి, బాడిస, చిత్రిక తెలుగు మాటలు. చిత్రికకే 'రందా' అనే మరో పేరు ఫార్సీ నుండి వచ్చినది. తలుపు చట్రాన్ని తెలుగువారు ద్వారబంధమంటే ఉర్దూవారు చౌఖట్ అన్నారు. గోడకూ కప్పుకూ మధ్య నడిచే అంచుకు వాడే 'కార్నిసు' ఐరోపా భాషల నుండి ఉర్దూలోకి, ఉర్దూ నుండి మేస్త్రీల నోటికి ఎక్కినది. బీడింగు, స్కర్టింగు అనేవి ఇంగ్లీషు నుండి దిగినవి. ఒకే పనివాడు ఒకే పూటలో ఈ మాటలన్నింటినీ వాడుతూ వచ్చాడు.

ఇంటి లోపలి ఈ అంచు పట్టీలను చూచినవారు సాధారణంగా అవి సంపన్నుల సోకు అనుకుంటారు. ఈ అభిప్రాయం సగమే నిజం. వాటి పుట్టుక అవసరంలో ఉన్నది, సొగసు తరువాత వచ్చినది. ఈ తేడాను గుర్తించడం ఎందుకు ముఖ్యమో ఇరం మంజిల్ చరిత్ర వల్ల స్పష్టమవుతుంది.

అవసరం నుండి పుట్టిన అంచు

కొయ్య చచ్చిన వస్తువు కాదని పాత ఉస్తాదులు శిష్యులకు మొదట చెప్పే మాట. కోసి ఆరబెట్టిన తరువాత కూడా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. వానకాలంలో ఉబ్బుతుంది, ఎండకాలంలో కుంచించుకుపోతుంది. ఈ కదలిక పలక పొడుగున దాదాపు ఉండదు, అడ్డంగా మాత్రం ఉంటుంది. సున్నపు గోడ ఇలా కదలదు. కాబట్టి కదిలే ద్వారబంధం, కదలని గోడ కలిసే చోట ఏదో ఒక ఋతువులో సందు తప్పదు. ఆ సందులో దుమ్ము, పురుగు, గాలి చేరుతాయి. దానిని ఎంత సున్నంతో పూడ్చినా మరుసటి వేసవికి మళ్ళీ నోరు తెరుస్తుంది. పూడ్చడానికి బదులు ఒక సన్నని పట్టీతో కప్పడం మేలని తెలుసుకున్న రోజున అంచు పట్టీ పుట్టినది.

తలుపు రెక్క విషయంలోనూ ఇంతే. ఒకే వెడల్పాటి పలకతో తలుపు చేస్తే అది వంకర పోతుంది, లేదా పగులుతుంది. అందువల్ల నిలువు, అడ్డు కొయ్యలతో చట్రం కూర్చి, చట్రం లోపలి అంచున గాడి తీసి, ఆ గాడిలో పలుచని పలకను వదులుగా నిలుపుతారు. పలక చుట్టూ సన్నని పట్టీ వేస్తారు. ఇక్కడ ఒక నియమం ఉన్నది. పట్టీకి కొట్టే మేకు చట్రంలోకి దిగాలిగాని పలకలోకి దిగరాదు. పలకలోకి దిగితే దాని కదలిక ఆగిపోతుంది, ఒకటి రెండేళ్ళలో పలక నిలువునా చీలుతుంది. నేర్పరి పనికీ తొందర పనికీ తేడా తెలియాలంటే తలుపు పాతబడేదాకా ఆగవలసినదే.

రెండవ అవసరం నీటికి సంబంధించినది. కిటికీ గడప కొయ్యను గోడకంటె కొంచెం ముందుకు తెచ్చి, దాని అడుగున సన్నని గాడి తీస్తే వాననీరు వెనక్కు పాకకుండా ఆ గాడి వద్దనే చుక్కగా రాలిపోతుంది. భవనం వెలుపలి కార్నిసు చేసే పని కూడా ఇదే. మూడవది వెలుగునీడలకు సంబంధించినది. చదునైన తెల్లని గోడ మీద కన్నుకు ఆనవాలు దొరకదు. అంగుళం లోతు గీత నీడను కల్పించి గోడ ఎక్కడ ముగిసినదో, కప్పు ఎక్కడ మొదలైనదో చెబుతుంది.

ఏ పట్టీ ఎక్కడ?

పట్టీల అడ్డుకోత రూపాలు లెక్కకు ఎన్నో ఉన్నట్లు కనిపించినా వాటి మూలాలు కొద్దివే. చదును పట్టీ, సగం గుండ్రం, పావు గుండ్రం, లోపలికి తొలిచిన గోలా, లోపలికీ వెలుపలికీ వంపు తిరిగే జంట వంపు: ఈ అయిదింటిని పేర్చడం వల్లనే మిగిలినవి ఏర్పడినవి. యవన, రోమను శిల్పులు వీటికి వేర్వేరు పేర్లు పెట్టి క్రమబద్ధం చేశారు. ఐరోపా వారు పునరుజ్జీవన కాలంలో వాటిని తిరిగి చేపట్టారు. పందొమ్మిదవ శతాబ్దంలో అవే రూపాలు పుస్తకాల ద్వారా, తెల్ల ఇంజనీర్ల ద్వారా దక్కనుకు చేరినవి.

వాడుకను బట్టి చూస్తే, గోడ పాదాన నాలుగు నుండి ఆరు అంగుళాల ఎత్తున ఉండేది స్కర్టింగు. చీపురు దెబ్బ, తడిగుడ్డ నీరు, కాలి తాకిడి గోడకు తగలకుండా అది కాస్తుంది. నేల నుండి సుమారు మూడడుగుల ఎత్తున అడ్డంగా నడిచే పట్టీ కుర్చీల వీపులు గోడను గీరకుండా ఆపుతుంది. దాని కింది భాగాన్ని మేస్త్రీలు డాడో అంటారు. ఇంకా పైన, తలుపుల తల మీదుగా వెళ్ళే సన్నని పట్టీ పటాలు వేలాడదీయడానికి ఉద్దేశించినది. సున్నపు గోడకు పదేపదే మేకులు కొడితే పూత పెళ్ళలుగా ఊడుతుంది గనుక, పటాన్ని కొక్కెంతో ఈ పట్టీకి తగిలించేవారు.

ద్వారబంధం చుట్టూ గోడ సందును కప్పే వెడల్పాటి పట్టీ ఒకటి ఉంటుంది. జంట తలుపుల రెక్కలు కలిసే చోట ఒక రెక్కకు బిగించే సగం గుండ్రపు పట్టీ మరొకటి. ఇది వెలుతురునూ గాలినీ ఆపడమే కాక, జనానా గదులలో మరుగును కూడా కాపాడినది. అద్దాన్ని చట్రంలో నిలిపే సన్నని బీడింగు అన్నిటికంటె చిన్నది. అది ఊడితే అద్దం ఊడుతుంది. మెట్టు పలక ముందంచుకు ఇచ్చే గుండ్రదనం పాదానికి గుచ్చుకోకుండా ఉండడానికీ, కొయ్య కొస చిట్లకుండా ఉండడానికీ పనికివస్తుంది.

మూల కలపడంలో వడ్రంగి నేర్పు బయటపడుతుంది. తలుపు చుట్టూ వేసే పట్టీలను నలభై అయిదు డిగ్రీల కోతతో కలుపుతారు. కాని గది లోపలి మూలలు సరిగ్గా లంబకోణంలో ఉండడం అరుదు. అక్కడ రెండు పట్టీలనూ ఏటవాలుగా కోసి కలిపితే మొదటి వేసవికే సందు కనిపిస్తుంది. అందుకని ఒక పట్టీని గోడ దాకా నేరుగా పంపి, రెండవదాని కొసను మొదటిదాని వంపులకు సరిపోయేట్లు సన్నని రంపంతో తొలిచి ఆనిస్తారు. కొయ్య కుంచించుకున్నా ఆ అతుకు తెరుచుకున్నట్లు కనబడదు.

ముస్లిం లోకంలో కొయ్యపని

ఇస్లామీ సంప్రదాయంలో వడ్రంగానికి గౌరవస్థానం ఉన్నది. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. మదీనా మస్జిదులో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తొలినాళ్ళలో ఖర్జూరపు మోడును ఆనుకొని ప్రసంగించేవారు. తరువాత ఒక వడ్రంగి కొయ్యతో మూడు మెట్ల మింబరు చేశాడు. అనంతర శతాబ్దాలలో మస్జిదుల కొయ్యపని అంతా ఆ మూడు మెట్ల చుట్టూనే పెరిగినదంటే అతిశయోక్తి కాదు.

ట్యునీషియాలోని ఖైరవాన్ జామె మస్జిదులో ఉన్న మింబరు క్రీ.శ. 862 ప్రాంతానిది. నిలిచి ఉన్న మింబర్లలో అతి ప్రాచీనమైనది ఇదే. మూడు వందలకు పైగా చెక్కడపు ముక్కలను సన్నని పట్టీల మధ్య కూర్చి దీనిని నిర్మించారు. దాని కొయ్య టేకు. టేకును అరబీలో 'సాజ్' అంటారు. సంస్కృతంలో శాక, ఉర్దూలో సాగ్వాన్ అనే పదాలతో దీని చుట్టరికం స్పష్టంగానే వినిపిస్తుంది. మన దేశపు వృక్షం పేరును అరబ్బు వర్తకులు వస్తువుతోపాటే ఓడలెక్కించారు.

పెద్ద పలకలకు బదులు చిన్న ముక్కలను గాడి పట్టీల మధ్య కూర్చే ఈ పద్ధతి కేవలం నక్షీ కోసం ఏర్పడినది కాదు. పొడి వేడిమి గల దేశాలలో వెడల్పాటి పలక నిలువదు. చిన్న ముక్క కొద్దిగానే కదులుతుంది, ఆ కదలికను చుట్టూ ఉన్న గాడి దాచుకుంటుంది. నక్షత్రాలుగా, బహుభుజాలుగా కళ్ళకు కనిపించే రేఖాగణితం మొదట కొయ్య స్వభావానికి వడ్రంగి ఇచ్చిన సమాధానం.

పాయిగాల కాలంలో

హైదరాబాదులో ఈ రెండు ధారలు, అనగా తూర్పు దేశాల పలక పనీ ఐరోపా వారి కార్నిసూ, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో (1869-1911) కలుసుకున్నవి. పాయిగా ఉమరాలలో ఒకరూ, 1893 నుండి 1901 వరకు ప్రధానమంత్రీ అయిన సర్ వికారుల్ ఉమరా ఫలక్‌నుమాకు 1884లో పునాది వేయించారు. 1897లో అది నిజాం పరమైనది. దాని గ్రంథాలయపు కప్పును ఇంగ్లండులోని విండ్సర్ కోట గ్రంథాలయాన్ని అనుసరించి అక్రోటు కొయ్యతో చెక్కించారు. అమీర్‌పేటకు పొరుగున బేగంపేటలో ఆయన తలపెట్టిన మస్జిదు ఇక్బాలుద్దౌలా, స్పెయిను దేశపు మస్జిదుల రీతిని అనుసరించడం వల్ల 'స్పానిష్ మస్జిదు' అనే పేరుతో ప్రసిద్ధమైనది. ఆయన 1902లో మరణించగా, పని 1906 నాటికి ముగిసినది. విండ్సరు, ఖుర్తుబా రెండూ ఒకే ఉమరా ఇంట్లో చేరడం ఆ కాలపు ధోరణిని తెలుపుతుంది.

ఇదే కాలంలో పంజాగుట్ట వైపు మిట్ట మీద నవాబ్ సఫ్దర్ జంగ్ ముషీరుద్దౌలా ఫఖ్రుల్ ముల్క్ ఇరం మంజిల్‌ను కట్టించాడు. నూట యాభైకి పైగా గదులు, గుర్రపుశాలలు, పోలో మైదానం ఉన్న భవనమది. ఐరోపా బరోక్ రీతి స్తంభాలు, కార్నిసులు, గచ్చు అలంకారాలు దాని ప్రత్యేకత.

ఈ గచ్చు కార్నిసులలో కూడా వడ్రంగి చేయి ఉన్నదని చాలామందికి తోచదు. గచ్చు కార్నిసును తీర్చే సంప్రదాయ పద్ధతి ఇది. వడ్రంగి ముందుగా కావలసిన వంపులను తిరగేసి పలుచని రేకు మీద కోసి, దానిని కొయ్యకు బిగించి ఫర్మా తయారుచేస్తాడు. గోడ మీద ఒక కొయ్య పట్టీని దారిగా కొడతారు. మేస్త్రీ తడి సున్నాన్ని దట్టంగా పెట్టి ఆ దారి వెంట ఫర్మాను లాగుతాడు. మళ్ళీ సున్నం, మళ్ళీ లాగుడు. పొర మీద పొరగా వంపులు నిండుతాయి. దక్కనులో డంగు సున్నంలో ఇసుకతోపాటు బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపే ఆచారం ఉండేది. గోడ మీద నిలిచినది సున్నమే అయినా, దాని రూపం మొదట కొయ్య మీదనే పుట్టినది.

ఇస్రాఫా? అమానతా?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. 'ఇరం' అనే పేరు దివ్య ఖుర్ఆన్‌లోని ఫజ్ర్ సూరాలో ఉన్నది. ఎత్తైన స్తంభాలు గల ఇరం వాసులైన ఆద్ జాతి అహంకారం వల్ల ఎలా నాశనమైనదో అక్కడ హెచ్చరికగా ప్రస్తావించబడినది. ఫార్సీ, ఉర్దూ కవుల చేతిలో మాత్రం అదే పేరు అందమైన ఉద్యానవనానికి పర్యాయపదమైనది. నవాబు ఈ రెండవ అర్థంలోనే పేరు పెట్టి ఉండవచ్చు. కాని మొదటి అర్థం తెలిసిన పాఠకునికి ఆ పేరు కలవరం కలిగించకపోదు. నూట యాభై గదుల మేడ ఇస్రాఫ్ కాదా? జాగీరు రైతు చెల్లించిన శిస్తు ఈ గచ్చులో కలిసి లేదా?

ఈ ప్రశ్నను తప్పించుకోవలసిన పని లేదు. ఉమరాల వైభవం వెనుక రైతు కష్టం ఉన్నదనడం చరిత్ర. అయితే కట్టించినవాని లెక్క వేరు, కట్టినవాని లెక్క వేరు. కట్టించినవాడు ఎందుకు కట్టించాడన్నదానికి అతడు జవాబుదారు. కట్టినవాడు పనిని ఎంత నిజాయితీగా చేశాడన్నదానికి జవాబుదారు. పైనున్నవారి కన్ను చేరని మూలలో కూడా పట్టీ కొసను వంపుకు సరిగ్గా తొలిచిన పనివాడు ఇత్ఖాన్‌ను, అనగా పనిలో పరిపూర్ణతను పాటించాడు. అతని పేరు ఏ ఫర్మానులోనూ లేదు. ఆ పని నిలిచి ఉండడమే అతని సంతకం. నవాబు గర్వాన్ని ఖండించే పేరిట ఆ పనివాని సంతకాన్ని చెరిపివేయడం న్యాయం కాదు.

2019 తీర్పు

జాగీర్దారీ కాలం ముగిసిన తరువాత ఇరం మంజిల్ ప్రభుత్వపరమైనది. తొలుత దస్తావేజుల గిడ్డంగిగా, తరువాత రహదారులు, భవనాలు, నీటిపారుదల శాఖల ఇంజనీర్ల కార్యాలయంగా వాడబడినది. వారసత్వ కట్టడాల రక్షణకు 1995లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ నిబంధనలలో చేర్చిన 13వ నిబంధన 2015లో తొలగించబడినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినది. 2019 జూన్ 18న రాష్ట్ర మంత్రిమండలి ఇరం మంజిల్‌ను కూల్చి ఆ స్థలంలో కొత్త శాసనసభ భవనం నిర్మించాలని నిర్ణయించినది. జూన్ 27న శంకుస్థాపన జరిగినది. ఫఖ్రుల్ ముల్క్ వారసులు, నగర పౌరులు హైకోర్టును ఆశ్రయించారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రిమండలి నిర్ణయాన్ని కొట్టివేసినది. భవనం నిలిచినది.

కాని తీర్పు గోడను కాపాడగలదు గాని గోడ మీది కార్నిసును కాపాడలేదు. అందుకు చేతి విద్య కావాలి. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక లోపలే నిలిచి, పూతను లోపలి నుండి తినివేస్తుంది. విరిగిన గచ్చు అంచుకు బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్క అతికిస్తే తడి తగిలిన చోట అది మెత్తబడి రాలుతుంది. పొరుగునే అమీర్‌పేట, పంజాగుట్ట బహుళ అంతస్తుల ఇళ్ళలో ఇప్పుడు యంత్రాలు తీసిన పట్టీలు, అచ్చుపోసిన కార్నిసులు బిగిస్తున్నారు. చౌకగా, త్వరగా అవుతున్న ఆ పనిని తప్పుపట్టనక్కరలేదు. అయితే పొట్టు నొక్కి చేసిన పలక పట్టీని స్నానపు గది గుమ్మానికి వేస్తే నీరు పీల్చి ఉబ్బుతుంది. ఏ పట్టీ ఎందుకు ఉన్నదో తెలియనప్పుడు అది ఎక్కడ ఉండరాదో కూడా తెలియదు.

అఖ్సా మింబరు పాఠం

విద్య పోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ ఆజ్ఞపై 1168-69లో హలబ్ నగరంలో చేయించిన మింబరును సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ 1187లో బైతుల్ మఖ్దిస్ విజయం తరువాత మస్జిదె అఖ్సాలో ప్రతిష్ఠించాడు. మేకులు, జిగురు లేకుండా వేలాది ముక్కలను గాళ్ళతో కూర్చిన పని అది. 1969 ఆగస్టు 21న ఒక దుండగుడు పెట్టిన నిప్పుకు అది కాలిపోయినది. తిరిగి చేయించబోతే ఆ కూర్పు రహస్యం తెలిసినవారు సులభంగా దొరకలేదు. మిగిలిన చెక్కలను, పాత ఛాయాచిత్రాలను పట్టుకొని రేఖాగణితాన్ని మళ్ళీ విప్పుకోవలసి వచ్చినది. జోర్డానులో వివిధ దేశాల పనివారు కలిసి చేసిన నమూనా మింబరు 2007లో అఖ్సాకు చేరినది. మధ్యలో గడిచిన కాలం ముప్పై ఏడు సంవత్సరాలకు పైనే.

మన పేటలలోని పాత మస్జిదులు, దేవుళ్ళు, హవేలీలు అంతటి ప్రసిద్ధి గలవి కావు. అవి కాలితే ప్రపంచం కదలదు. కాబట్టి వాటి పట్ల జాగ్రత్త ముందే ఉండాలి. మస్జిదు కమిటీలు మరమ్మతుకు పూనుకొన్నప్పుడు చేయగల పనులు కొన్ని ఉన్నవి. పాత తలుపు పట్టీని విప్పే ముందు దాని అడ్డుకోతను అట్ట మీద గీసి పెట్టడం, మూరెడు ముక్కనైనా పారవేయకుండా దాచడం, సున్నపు గోడకు సున్నమే వాడడం, వృద్ధ ఉస్తాదు ఒకడు మిగిలి ఉంటే అతని చెంత ఒక కుర్రవానిని కూర్చోబెట్టడం. వీటికి పెద్ద ఖర్చు లేదు. ఆ కుర్రవాడు మొదటి రోజున నేర్చుకోవలసినది కూడా చిన్న విషయమే: మేకు చట్రంలోకి దిగాలి, పలకలోకి కాదు.